కమాన్ పట్టీ, ఇస్ఫహాన్ హాజీ, మరికొన్ని కత్తి కబుర్లు

కత్తుల పిచ్చి ఉన్నవాళ్ళు నలుగురు చేరితే మాట ఎటు తిరిగినా చివరికి ఒక ప్రశ్న దగ్గరికే వస్తుంది: ఏ ఉక్కు మంచిది? ఒకాయన జపాన్ ఉక్కంటాడు, ఇంకొకాయన జర్మనీదంటాడు, మూడో ఆయన నిరుడు మార్కెట్‌లోకి వచ్చిన ఏదో కొత్త పేరు చెప్పి మిగతావాళ్ళని చిన్నబుచ్చుతాడు. అదే ప్రశ్న జహీరాబాద్ చుట్టుపక్కల కొలిమి దగ్గర వేస్తే జవాబు తడుముకోకుండా వస్తుంది. లారీ కమాన్ పట్టీ, అంటే లారీ బరువు మోసే స్ప్రింగు పట్టీ. ఆ జవాబులో ఎంత లోహశాస్త్రం ఉందో, ఈ జవాబుకు ముందు తెలంగాణ నేల ప్రపంచానికి ఇచ్చిన జవాబేమిటో చూద్దాం.

రోడ్డు పెట్టిన భిక్ష

జహీరాబాద్ జాతీయ రహదారి 65 మీద ఉంది. పుణెలో మొదలై హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం చేరే దారి ఇది. రాత్రింబవళ్ళు లారీలు తిరిగే చోట కమాన్లు విరగక మానవు. విరిగిన పట్టీ పాత ఇనుప సామాన్ల దుకాణానికి, అక్కడి నుంచి తూకం మీద కొలిమికి చేరుతుంది. పైగా బండ్ల ఉక్కు ఈ ఊరికి కొత్త కాదు. 1980లలో ఇక్కడ అల్విన్ నిస్సాన్ చిన్న లారీలు తయారయ్యేవి. ఆ ఫ్యాక్టరీ తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. 2013 నుంచి మహీంద్రా ట్రాక్టర్లు కూడా జహీరాబాద్‌లోనే తయారవుతున్నాయి.

కమాన్ పట్టీలో కార్బన్ నూటికి అర వంతు నుంచి 0.6 దాకా ఉంటుంది. దానికి తోడు సిలికాన్, మాంగనీస్, కొన్ని రకాల్లో క్రోమియం. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడటానికి ఆ కార్బన్ చాలు. పొలంలో రాయి తగిలినప్పుడు అంచు పెళ్ళలుగా ఊడిపోయేంత ఎక్కువా కాదు. లక్షల సార్లు వంగి లేవడానికి పుట్టిన ఉక్కు అది. కొడవలికి, గొడ్డలికి, చెరుకు కత్తికి ఇంతకంటే ఏం కావాలి?

ఒక్క చిక్కుంది. పాత పట్టీలో కంటికి కనపడని వెంట్రుకవాసి పగుళ్ళు ఉండొచ్చు. అందుకే తెలిసిన కమ్మరి పట్టీని వేలాడదీసి సుత్తెతో తట్టి మోత వింటాడు. మోత బొంగురుగా ఉంటే ఆ ముక్క పక్కకు పోతుంది.

పళ్ళెం కత్తి కాదు

ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం ఒకటి తీసి వంటింట్లో తిరగండి. భోజనం చేసే స్టీలు పళ్ళేనికి అది సాధారణంగా అంటదు, స్టీలు చాకుకు అంటుకుంటుంది. రెండూ మెరిసేవే, రెండిటినీ తుప్పు పట్టని స్టీలనే కొన్నాం. పళ్ళెంలో నూటికి 18 వంతుల క్రోమియం, 8 వంతుల నికెల్ ఉంటాయి. ఆ నికెల్ వల్ల ఉక్కు లోపలి అమరిక మారిపోయి, ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు. చాకు స్టీలులో నికెల్ దాదాపు ఉండదు, కార్బన్ ఎక్కువ. అందుకే అది పదును పడుతుంది. పాత పళ్ళెం కత్తిరించి చాకు చేయిద్దామన్న ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోవచ్చు.

సలాక, పట్టా, ఆకురాయి

ఇల్లు కట్టే సలాకలో కార్బన్ 0.3 శాతం దాటకూడదని మన ప్రమాణాలు చెబుతాయి. దానితో చేసిన కత్తి రెండు రోజులకే మొద్దుబారుతుంది. రైలు పట్టాలో 0.6 నుంచి 0.8 దాకా ఉంటుంది. అరిగిపోయిన ఆకురాయిలో ఇంకా ఎక్కువ, 1.2 శాతం వరకు. చిన్న చాకులకు, ఉలులకు ఆకురాయి మహా బాగుంటుంది, కాకపోతే కింద పడితే రెండు ముక్కలవుతుంది. రైలు పట్టా ముక్కని దాగలిగా వాడే కొలిములు దేశమంతటా ఉన్నాయి. ఆ ముక్క ఎలా వచ్చిందని మాత్రం అడక్కూడదు. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర ఉంచుకోవడం మీద 1966 నుంచి ఒక చట్టమే ఉంది.

నిప్పురవ్వల సాక్ష్యం

ఏ ముక్కలో కార్బన్ ఎంతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. గ్రైండింగ్ చక్రానికి ఆనించి రవ్వలు చూస్తే సరి. మెత్తటి ఇనుము పొడవాటి గీతల్లా రవ్వలు చిమ్ముతుంది. కార్బన్ పెరిగేకొద్దీ ఆ గీతల చివర కాకరపువ్వొత్తుల్లా చిట్లుతాయి.

చెరుకు గట్టిదా, ఆకు గట్టిదా?

జహీరాబాద్ ప్రాంతం చెరుకుకు పేరు. చెరుకు కత్తిని తినేసేది గడ కాదు. గడను నేల బారుకు నరికితేనే దిగుబడి, అడుగు భాగంలోనే తీపి ఎక్కువ. నేల బారున నరికితే ప్రతి వేటుకూ ఇసుక తగులుతుంది. దానికి తోడు ఆకులో, తొడిమలో సిలికా ఉంటుంది, అంటే గాజుకు మూలమైన పదార్థమే. గడ్డిజాతి మొక్కలన్నీ నేలలోంచి సిలికాను పీల్చి ఆకుల్లో, కాడల్లో దాచుకుంటాయి. జొన్న కూడా అంతే. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు దశాబ్దాలుగా నిలబెట్టిన జొన్న, కొర్ర, సామ చేలల్లో కొడవలి అరిగేది ఈ సిలికా వల్లనే. పురావస్తు శాస్త్రవేత్తలకు ఇది పెద్ద ఆధారం కూడా. వేల ఏళ్ళ నాటి రాతి కొడవళ్ళ అంచున కనపడే ప్రత్యేకమైన మెరుపును బట్టి, వాటితో గడ్డిజాతి పైరు కోశారని చెప్పగలుగుతున్నారు.

ఇలాంటి పనికి మరీ గట్టి ఉక్కు తెచ్చి లాభం లేదు. చేని గట్టు మీదే రాయితో నాలుగు రుద్దులు రుద్దితే పదును తిరిగి రావాలి. కూలి లెక్క కోసిన చెరుకును బట్టి నడిచే రోజుల్లో ఆ నాలుగు రుద్దుల సమయమే అసలు ఖరీదు.

అన్నిటికంటే పెద్ద కత్తులు

చెరుకు ఫ్యాక్టరీలో గానుగ రోలర్ల కంటే ముందు తిరిగే కత్తుల వరస ఒకటి ఉంటుంది. గిర్రున తిరిగే ఇరుసుకు బిగించిన డజన్ల కొద్దీ బరువైన రేకులు వచ్చిన చెరుకును వచ్చినట్టు తునకలు చేస్తాయి. ఇసుక దెబ్బకు అవి తొందరగా అరుగుతాయి కాబట్టి, రేకు మొత్తాన్ని ఖరీదైన ఉక్కుతో చెయ్యరు. మామూలు ఉక్కు రేకు అంచున క్రోమియం కార్బైడ్ లాంటి అతి గట్టి పదార్థాన్ని వెల్డింగ్‌తో పూత పోస్తారు. వెన్ను మెతక, అంచు గట్టి. ఈ సూత్రం కమ్మరికీ పాతదే. మెత్తటి ఇనుప గొడ్డలి నోట్లో ఉక్కు ముక్క పెట్టి అతికించడం అన్ని దేశాల్లోనూ ఉన్న పద్ధతి.

కోనసముద్రంలో ఇస్ఫహాన్ హాజీ

ఇక అసలు కథ. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అని ఒక ఊరుంది, ఇప్పుడు కోనసమందర్ అంటున్నారు. 1820 ప్రాంతంలో హెన్రీ వోయిసే అనే ఆంగ్లేయ డాక్టరు అక్కడికి వెళ్ళాడు. లాంబ్టన్ నడిపిన మహా భూ సర్వేలో ఆయన వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు కూడా. ఊళ్ళో ఆయనకు ఒక పర్షియా వర్తకుడు కలిశాడు, పేరు హాజీ హుసేన్. ఇస్ఫహాన్ నుంచి ఉక్కు కొనడానికి వచ్చాడు. ఈ ఊరి పేరు, ఇక్కడ ఉక్కు చేసే విధానం ఇస్ఫహాన్‌లో బాగా తెలిసినవేనని, తమ దేశంలో అలాంటిది చేయబోయి విఫలమయ్యారని హాజీ చెప్పాడట. కొనేవాడు తీరిగ్గా బజారులో కూర్చోకుండా కొలిమి పక్కనే నిలబడి తూకం, నాణ్యం చూసుకునేవాడు. ఇష్టమైన ఉక్కు కోసం సముద్రాలు దాటి వచ్చిన మనిషి అంటే ఇతనే. ఇవాళ ఇంట్లో కూర్చుని జపాన్ చాకు తెప్పించుకునేవాళ్ళు ఇతని ముందు దిగదుడుపు.

వోయిసే రాసుకున్న తయారీ ఇలా ఉంది. రెండు రకాల ఇనుము తీసుకుంటారు. ఒకటి అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుక నుంచి తీసింది, రెండోది ఇనుప మట్టి నుంచి తీసింది. మొదటిది మూడు పాళ్ళు, రెండోది రెండు పాళ్ళు. గాజు ముక్కలు కలిపి మట్టి మూసలో పెట్టి, మూసి, 24 గంటలు కొలిమిలో ఉంచుతారు. దిగేది ఒకటిన్నర పౌండ్ల ముద్ద, అంటే మన లెక్కలో సుమారు 680 గ్రాములు. అంతటితో అయిపోలేదు. ఆ ముద్దకు మట్టి మెత్తి పన్నెండు నుంచి పదహారు గంటలు మళ్ళీ కాలుస్తారు. చల్లార్చి మళ్ళీ, ఇంకోసారి మళ్ళీ, సుత్తెకు లొంగేదాకా.

ఇక్కడి మూసల పెంకుల్ని తర్వాతి కాలంలో పరిశోధకులు పరీక్షిస్తే బంకమట్టిలో వరి ఊక దండిగా కలిసి ఉంది. ఊకలోని సిలికా, కాలిన బొగ్గు కలిసి ఆ మూసకు విపరీతమైన వేడిని తట్టుకునే బలం ఇచ్చాయి. వరిచేలు ఉన్న ఊరిలో వరి ఊకతో కుదిరిన కొలిమి విద్య అది. కార్బన్ ఎక్కువున్న ఇనుమునీ తక్కువున్న ఇనుమునీ కలిపి కరిగించే ఈ పద్ధతికి ఇప్పుడు పుస్తకాల్లో హైదరాబాద్ పద్ధతి అనే పేరు ఉంది.

వోయిసే 1824లో చనిపోయాడు. ఆయన వ్యాసం బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది 1832లో.

గోల్కొండ ముద్దలు

వోయిసే కంటే శతాబ్దంన్నర ముందే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే పర్షియాలో ఈ ఉక్కును చూశాడు. నీటి అలల్లాంటి చారలు తేలే కత్తులు గోల్కొండ రాజ్యం ఉక్కుతోనే కుదురుతాయని రాశాడు. చిన్న రొట్టె అంత ముద్దలుగా అమ్మేవారట. మంచిదో కాదో చూడటానికి ముద్దను రెండు చేసేవారు, ఒక్కో సగంతో ఒక్కో కత్తి. మచిలీపట్నం రేవు అప్పుడు గోల్కొండ సుల్తానులది. ఇప్పుడు లారీల కమాన్లు విరుగుతున్న 65వ నంబరు రోడ్డు తూర్పు కొస కూడా అక్కడే.

ఆ అలల చారల్ని పర్షియాలోనూ దక్కనులోనూ జౌహర్ అన్నారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్ళినప్పుడు పిడి మీది బంగారు పనిని వదిలేసి అలుగుని ఏటవాలుగా పడే వెలుగులో చూడండి. పిడిని మెచ్చుకుని వచ్చేసేవాళ్ళే ఎక్కువ.

తంగేడు పుల్ల, జిల్లేడు ఆకు

కావేరి పరిసరాల్లో, సేలం వైపు పద్ధతి వేరు. అక్కడ ఒకే రకం ఇనుము తీసుకుని, మూసలో ఎండు తంగేడు పుల్లలు వేసి, పైన జిల్లేడు ఆకులు కప్పి మూసేవారు. ఇనుముకు కావలసిన కార్బన్ ఆ పుల్లల నుంచే వచ్చేది. తంగేడు అంటే మనకు బతుకమ్మ, 2014 తర్వాత తెలంగాణ రాష్ట్ర పుష్పం. దాని పుల్లకు కత్తులతో కూడా సంబంధం ఉందని చాలామందికి తెలియదు. ఆకుల్లో ఏదో మహిమ ఉందని వెతికిన పరిశోధకులూ ఉన్నారు గానీ, పచ్చటిదేదైనా కాలి బొగ్గయితే కార్బన్ ఇవ్వక మానదని నా అభిప్రాయం.

కమ్మరి కొడుకు పరిశోధన

కరెంటు పాఠాల్లో వినే మైకేల్ ఫారడే తండ్రి కమ్మరి. విద్యుత్తులో పేరు రాకముందు ఫారడే కొన్నేళ్ళు మన ఉక్కు మీదే తలపట్టుకున్నాడు. జేమ్స్ స్టోడార్ట్ అనే లండన్ కత్తుల తయారీదారుతో కలిసి, యూరప్ వాళ్ళు వూట్జ్ అని పిలిచిన భారతీయ ఉక్కును విశ్లేషించాడు. దాని గొప్పతనం అల్యూమినియం వల్ల వచ్చిందని 1819లో తేల్చాడు. అది తప్పని తర్వాత రుజువైంది. కానీ ఆ ప్రయత్నంలో ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కలిపి చూశాడు, మిశ్రమ ఉక్కు అనే శాస్త్రానికి అది తొలి అడుగుల్లో ఒకటి. తాను చేసిన ఉక్కుతో గడ్డం కత్తులు చేయించి స్నేహితులకు కానుకలిచ్చాడు కూడా.

ఆ అలల చారల అసలు గుట్టు బయటపడింది 1990లలో. అమెరికాలో వెర్‌హోవెన్ అనే లోహశాస్త్ర ఆచార్యుడు, పెండ్రే అనే కత్తుల కమ్మరి కలిసి పాత కత్తుల ముక్కల్ని పరీక్షించారు. ఒకటిన్నర శాతం కార్బన్ ఉన్న ఉక్కులో వెనేడియం లాంటి లోహం పదివేలలో ఒకటి రెండు వంతులున్నా చాలు, సాగగొట్టేకొద్దీ గట్టి రేణువులు వరసల్లో సర్దుకుంటాయి. అవే ఆ అలలు. ఆ రవంత వెనేడియం ఖనిజంలో ఉంటేనే ముద్ద పండుతుంది, ఆ గని అయిపోతే అదే కమ్మరి అదే చేత్తో చేసినా చారలు రావు. విద్య అంతరించడానికి ఇదే కారణమని వాళ్ళ వాదన. ఇంగ్లండు నుంచి చవక ఉక్కు ఓడల కొద్దీ దిగిన సంగతిని మాత్రం ఈ వాదన పక్కన పెట్టి చూడలేం. 1856లో బెసెమర్ పద్ధతి వచ్చాక 680 గ్రాముల ముద్ద కోసం ఒక రోజంతా బొగ్గు కాల్చే కొలిమి నిలబడటం కష్టమే.

కోయని కత్తుల ఆసామి

తుప్పు పట్టని చాకు ఉక్కు పుట్టింది 1913లో, ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో. హ్యారీ బ్రియర్లీ వెతికింది చాకు కోసం కాదు, తుపాకీ గొట్టాలు అరగకుండా ఉండే ఉక్కు కోసం. దొరికిన దానిలో క్రోమియం 12.8 శాతం. చాకులకు వాడమని ఊళ్ళో కత్తులవాళ్ళ దగ్గరికి తీసుకెళితే, ఇది పదును నిలుపుకోదని, కోయని కత్తులు కనిపెట్టిన మనిషని ఎగతాళి చేశారు. వాళ్ళకు ఆ ఉక్కును ఎంత వేడి మీద ముంచాలో తెలియకపోవడమే అసలు సమస్య. ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే అతను పట్టుదలగా ప్రయత్నించి, వెనిగర్‌తో పరీక్షించి, దానికి మరకపడనిదని పేరు పెట్టాడు.

రంగు చెప్పే వేడి

నీళ్ళలో ముంచిన ఉక్కు గట్టిపడుతుంది గానీ పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్ళీ కొద్దిగా వేడి చెయ్యాలి. కమ్మరికి థర్మామీటరు లేదు. అంచు మాత్రమే ముంచి తీసి, రాయితో రుద్ది మెరిపించి చూస్తూ కూర్చుంటాడు. వెన్నులో మిగిలిన వేడి అంచు వైపు పాకుతుంటే మెరుపు మీద రంగులు నడుస్తాయి. ముందు లేత గడ్డి పసుపు, అంటే 220 డిగ్రీలు. తర్వాత గోధుమ రంగు, 255. ఊదా రంగుకు 280, నీలానికి 300. మంగలి కత్తి పసుపు దగ్గర ఆగాలి, గొడ్డలి ఊదా దాకా పోవచ్చు. కావలసిన రంగు అంచుకు చేరగానే మళ్ళీ ముంచేస్తాడు. రెండు క్షణాలు ఆలస్యమైతే కొడవలి మెతకబడిపోతుంది.

కొలిమి పని చీకటి కొట్టంలో చేసేదీ రంగు కోసమే, కాలిన ఇనుము ఎరుపు ఛాయలు ఎండలో తెలియవు. తుమ్మ బొగ్గులే మంచివని పాతవాళ్ళు అనేది కూడా ఉత్త ఛాదస్తం కాదు. రాతి బొగ్గులో గంధకం ఉంటుంది, అది ఇనుములోకి చేరితే ఎర్రగా ఉన్నప్పుడు సుత్తె దెబ్బకు చిట్లుతుంది. కర్ర బొగ్గులో ఆ బెడద లేదు.

ఏ ఉక్కు ఎంచుకున్నామన్న దానికంటే ఎలా ముంచారన్నదే ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. మంచి చేతిలో కమాన్ పట్టీ, తెలియని చేతిలో ఖరీదైన ఉక్కు పక్కపక్కన పెడితే కమాన్ పట్టీయే గెలుస్తుంది.

మామిడికాయ, కత్తి, సిరా

పచ్చి అరటికాయో మామిడికాయో ఇనుప కత్తిపీట మీద తరిగితే ముక్క నల్లబడుతుంది, కత్తీ నల్లబడుతుంది. కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి చేసే పని అది. పాత కాలంలో కరక్కాయ, అన్నభేదితో సిరా కాచింది ఈ రసాయనంతోనే. ఆరోగ్యానికి హాని లేదు, ఊరగాయ రంగుకే ఇబ్బంది. ఆవకాయకు కాయలు కొట్టే కత్తి విషయంలో ఉక్కు ఎంత గట్టిదన్నది కాదు, వెన్ను ఎంత మందమన్నదే లెక్క. టెంక మీద పల్చటి జపాన్ చాకు వాడారా, అంచు పలుకులైపోతుంది.

సాన పట్టే సైకిలుకు లొంగని ఉక్కు

ఇప్పుడు ప్రపంచంలో కత్తుల మోజు పొడి లోహపు ఉక్కుల మీద ఉంది. కరిగిన ఉక్కును చిన్న చిన్న తుంపరలుగా చల్లార్చి, ఆ పొడిని విపరీతమైన ఒత్తిడితో ముద్ద చేస్తారు. లారిన్ థామస్ అనే అమెరికన్ లోహశాస్త్రజ్ఞుడు రూపొందించిన మాగ్నాకట్ 2021లో వచ్చింది. క్రోమియం 10.7 శాతం, వెనేడియం 4 శాతం. పాత కత్తుల్లో రవంత ఉండి అలలు తేల్చిన వెనేడియమే ఇక్కడ గంపెడు.

అయితే వెనేడియం కార్బైడ్ మామూలు సానరాయి కంటే గట్టిది. సైకిలు తొక్కుకుంటూ వచ్చి వీధిలో సాన పట్టే మనిషి చక్రం మీద అలాంటి కత్తి పెడితే రాయి అరుగుతుంది, లోపలి రేణువులు అరగవు. వజ్రపు పొడి అద్దిన పలక కావాలి. బక్రీద్ ముందు కత్తులన్నీ ఒక్కసారి సానకు వచ్చే ఊళ్ళో ఇది చిన్న సంగతి కాదు. మన వీధికి వచ్చే సానరాయికి లొంగే ఉక్కే కొనుక్కోమని నేనైతే చెబుతాను.

తొమ్మిది అంగుళాలు

ఆయుధాల నిబంధనల్లో తొమ్మిది అంగుళాల కంటే పొడవు, లేదా రెండు అంగుళాల కంటే వెడల్పు ఉన్న పదునైన అలుగులు ఆయుధాల జాబితాలోకి వస్తాయి. ఇంటి పనికి, సేద్యానికి వాడేవాటికి మినహాయింపు ఉంది. కొడవలి, కత్తిపీట అందుకే నిశ్చింతగా ఉన్నాయి.

రాకెట్టూ కత్తిసామూ

జహీరాబాద్ నుంచి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో మిధాని ఉంది. 1973లో పెట్టిన ప్రభుత్వ సంస్థ. అక్కడ తయారయ్యే ఒక ఉక్కులో కార్బన్ దాదాపు సున్నా, నికెల్ 18 శాతం. మరేజింగ్ ఉక్కంటారు. మన పీఎస్ఎల్‌వీ రాకెట్ మొదటి అంచె తొడుగుకు ఆ రకం ఉక్కే వాడతారు. అంతర్జాతీయ కత్తిసాము పోటీల్లో వాడే పొడిచే రకం కత్తుల అలుగుల్నీ ఈ జాతి ఉక్కుతోనే చేస్తారు, ఎందుకంటే ఎన్నిసార్లు వంగినా పగులు నెమ్మదిగా పాకుతుంది, ఎదుటివాడి ముఖం మీద పుటుక్కున విరిగే అవకాశం తక్కువ. ఆ కత్తులకు అంచు ఉండదు, పొడవడమే గానీ కోయడం లేదు. అంత ఖరీదైన ఉక్కుతో ఉల్లిపాయ తరిగే చాకు చేస్తే నాలుగు రోజుల్లో మొద్దుబారుతుంది.